యుద్ధము - తిరిగిరాని వారి పేర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా మన ఊరివారికి పత్రికను, పుస్తకమును అందించుచున్న ఈ గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను ఎన్నుకొన్న విషయము యుద్ధము. యుద్ధమువలన సైనికునికిని, వాని ఇంటికిని కలుగు నష్టము. పండుగనాడు ఈ ప్రస్తావన ఏల అని పెద్దలు అనుకొనవచ్చును. మన ఊరి పుష్కరిణి గట్టుననే నాకీ విషయము తోచినది. అందుచేత దీనిని మీ ముందు ఉంచుటకు సాహసించుచున్నాను.

శ్రీకూర్మము పితృకార్యములకు ప్రసిద్ధమైన క్షేత్రము. కాశికిని గయకును పోలేనివారు దూర గ్రామములనుండి అస్థికలు తెచ్చి శ్వేతపుష్కరిణిలో కలుపుట మనము నిత్యము చూచుచున్నాము. కర్మ చేయించు అయ్యవారు మొట్టమొదట అడుగునది రెండే మాటలు: గోత్రమేమి? పేరేమి? చనిపోయినవాడు ధనికుడా, పేదయా, చదివినవాడా, చదువనివాడా అని అడుగరు. పేరు చెప్పినగాని నీళ్లు విడువరు. పేరు తెలియని వానికి తర్పణము ఎట్లు చేయుదుము?

మన ఆలయ మండపములలోని స్తంభములను చూడుడు. వందకు పైగా శాసనములు వానిపై ఉన్నవి. స్వామికి అఖండదీపము పెట్టించినవారు, తమ పుణ్యము కొరకు దానము చేసినవారు, రాణులు, అధికారులు తమ పేర్లను రాతిలో చెక్కించుకొనిరి. 1281 నాటి నరహరితీర్థులవారి శాసనము నేటికిని నిలిచియున్నది. శబరుల దాడినుండి ఈ క్షేత్రమును ఆయన కాపాడినట్లు అందు చెప్పబడినది. దాడి జరిగినదనగా కత్తి పట్టి నిలిచినవారు ఉందురు. నిలిచినవారిలో పడిపోయినవారును ఉందురు. వారి పేర్లు ఏ స్తంభముమీదను లేవు. నేను నేడు చెప్పదలచినది ఈ లోటును గూర్చియే.

మన భారతములో పదునొకండవది స్త్రీపర్వము. తిక్కన సోమయాజిగారు తెనిగించిన పదునైదు పర్వములలో అదియు ఒకటి. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసిన పిమ్మట ఆడువారు రణభూమికి వచ్చి తమ వారిని వెదకుకొందురు. గెలిచినవారి కోడండ్రును, ఓడినవారి కోడండ్రును ఆ నేలమీద ఒక్క తీరుననే ఏడ్చిరి. తరువాత అందరును గంగ ఒడ్డునకు పోయి చనిపోయినవారికి తిలోదకములు ఇచ్చుచుండగా కుంతీదేవి నోరు విప్పును. కర్ణుడు మీకు అన్న, వానికి కూడ నీళ్లు విడువుడని ధర్మరాజుతో చెప్పును. బ్రదికియున్నంతకాలము దాచిన పేరును తర్పణపు వేళ ఆ తల్లి దాచలేకపోయినది. ధర్మరాజు గెలిచిన రాజ్యము ఆ ఒక్క మాటతో చేదైపోయినది. యుద్ధమును గూర్చి ఇంతకు మించిన పాఠము మరి ఏ గ్రంథమందును నేను చదువలేదు.

ఇక మన సీమ కథకు వత్తము. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలినది. తాండ్ర పాపారాయని కథను మన పల్లెలలో బుఱ్ఱకథలుగా వినని వారు లేరు. 1794 జులై 10వ తేదీన విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న పద్మనాభములో చిన విజయరామరాజుగారు కుంపిణీ సేనతో పోరి ప్రాణములు విడిచిరి. పేష్కషు బకాయిల తగవు అక్కడికి తెచ్చినది. ఆయనతో పాటు ఎందరో బంట్లు ఆ దినముననే నేలకొరిగిరి. రాజుగారి పేరు చరిత్రకు ఎక్కినది. కుమారుడు నారాయణబాబుగారు మన్నెపు కొండలలో తలదాచుకొని, పిమ్మట జమీని తిరిగి పొందిరి. ఆ బంట్ల పిల్లలు ఎక్కడ తలదాచుకొనిరి? వారికి తిరిగి దక్కినదేమి? ఈ ప్రశ్న అడుగవలెనని మన బుఱ్ఱకథకులకును తోచలేదు, వినిన మనకును తోచలేదు.

ఈ మరపు మన దేశమునకే పరిమితము కాదు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధములో పదమూడు లక్షల మందికి పైగా భారతీయులు సిపాయిలుగాను కూలీలుగాను పనిచేసిరి. వారిలో 74,000 మంది మరణించిరి. ఫ్రాన్సు బురదలో కొందరు, ఇరాకు ఎడారిలో కొందరు పోయిరి. ఇరాకులోని బస్రా స్మారకము నలుబది వేలకు పైబడిన మృతులకు కట్టినది. ఆంగ్లేయులలో సామాన్య సైనికుని పేరు కూడ దానిపై చెక్కిరి. మనవారిలో అధికారుల పేర్లు మాత్రము చెక్కిరి. సామాన్య సిపాయిల విషయమున పటాలము పేరు వ్రాసి, ఇంతమంది అని లెక్క వేసి విడిచిరి. యుద్ధ సమాధుల సంరక్షణకు ఏర్పడిన కామన్వెల్తు సంఘము వంద సంవత్సరముల తరువాత, 2021లో, ఈ లోపమును విచారించి నివేదిక ప్రకటించి క్షమాపణ చెప్పుకొన్నది. ఆసియా, ఆఫ్రికా ఖండములకు చెందిన లక్షా పదునారు వేల మందికైనను పేరుతో స్మారకము లేకపోయినదని ఆ నివేదికలోనే కలదు. రాతికి కొరత వచ్చి పేర్లు మానలేదు. వారిని పేరు పెట్టి తలచు ఒక తల్లి ఏదో పల్లెలో ఉండునని ఆ దినములలో లెక్క వేసినవారికి తోచలేదు.

రెండవ ప్రపంచ యుద్ధము మన సముద్రతీరమునకే వచ్చినది. అప్పటి కళింగపట్నమును తలచుకొనుడు. పొగ ఓడ ఎక్కి మనవారు రంగము పోయెడివారు. రంగము అనగా బర్మా దేశపు రంగూను. రేవులో మూటలు మోయుటకు, బియ్యపు మిల్లులలో పనిచేయుటకు, రిక్షాలు లాగుటకు మన జిల్లావారు వేలకొలది పోయిరి. కోరంగి రేవు పేరు మీదుగా బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలని పిలిచెడివారు. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. 1942 మార్చి 8వ తేదీన ఆ నగరము జపాను వశమైనది. ఓడలలో చోటు దొరకనివారు నాలుగైదు లక్షల మంది కాలినడకను అడవులు, కొండలు దాటి స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలికిని, కలరాకును, మలేరియాకును దారిలో పడిపోయినవారు పదుల వేలు. వారు తుపాకి పట్టినవారు కారు. కూలికి పోయినవారు. వారి పేర్లను ఏ సర్కారును వ్రాసియుంచలేదు.

ఆ సంవత్సరముననే ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్నముమీదను, కాకినాడమీదను జపాను విమానములు బాంబులు వేసినవి. పిల్లాపాపలతో విశాఖ ప్రజలు పల్లెలదారి పట్టిరి. సైనికులలో చూచినచో, ఆ యుద్ధమందు భారత సేనలో చేరినవారు ఇరువదియైదు లక్షలు, మరణించినవారు 87,000. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు దగ్గరనున్న మాధవరమును నేటికిని మిలటరీ మాధవరమని పిలుతురు. ఇంటింటినుండి సైన్యమునకు పోవుట ఆ ఊరి ఆచారము. మన శ్రీకాకుళము జిల్లాయు ఇందులో వెనుకబడలేదు. తెల్లవారుజామున మన రోడ్లమీద పరుగెత్తు కుఱ్ఱవాండ్రను చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. వారు పరుగెత్తునది దేశభక్తి కొరకు, కూటి కొరకు కూడ. రెండును నిజములే. రెండవదానిని చెప్పుకొనుటకు సిగ్గుపడ నక్కరలేదు.

సోదరులారా, ఇంతవరకు పుస్తకములలో చదివినది చెప్పితిని. ఇక నేను కన్నది చెప్పెదను. అది చిన్న సంగతి, నా తప్పు కూడ ఒకటి అందు ఉన్నది.

1971లో నాకు పదమూడేండ్లు. మా వీధిలో ఒక తల్లికి ఒక్కడే కొడుకు. సైన్యములో సిపాయి. ఆమెకుగాని కోడలికిగాని అక్షరము రాదు. ఉత్తరము వచ్చినప్పుడెల్ల నన్ను పిలిచి చదివించుకొనెడివారు. మరల జవాబు నాచేతనే వ్రాయించెడివారు. సైనికుని చిరునామాలో ఊరి పేరు ఉండదు. పేరు, నంబరు, పటాలము, ఎ.పి.ఓ. అను మూడక్షరములు, అంతే. "ఏ ఊర్లో ఉన్నాడో రాసినాడేటి బాబూ?" అని ఆమె ప్రతిసారియు అడిగెడిది. రాయకూడదు పెద్దమ్మా అని నేను ప్రతిసారియు చెప్పెడివాడను. కన్నకొడుకు ఏ ఊర ఉన్నాడో తల్లికి తెలియరాదనుట ఆమెకు ఎన్నడును అర్థము కాలేదు.

ఆ ఉత్తరములలో పెద్ద విషయములు ఏమియు ఉండెడివి కావు. నేను క్షేమము, మీరు క్షేమమని తలచుచున్నాను. మనియార్డరు పంపితిని. గేదెను అమ్మవద్దు. ఇంటిలో అందరిని అడిగినానని చెప్పగలరు. ఈ చివరి మాట భార్యకు. పొరుగింటి కుఱ్ఱవాడు బిగ్గరగా చదువు ఉత్తరములో పెండ్లామునకు వేరుగా ఒక మాట వ్రాయుట ఆ దినములలో మర్యాద కాదు. కనుక ఆ ‘అందరిని’ అను మాటలో తన వాటా ఎంతయో ఆ పిల్ల తానే లెక్క వేసుకొనవలెను. ఆమెకు అప్పటికి పందొమ్మిదేండ్లు ఉండునేమో. గడపకు అవతల నిలుచుండి వినెడిది.

ఒకనాడు చదువుచుండగా ఆ తల్లి నన్ను ఆపి, "నాను తింతన్నానో లేదో అడిగినాడేటి బాబూ?" అన్నది. ఉత్తరములో అది లేదు. నేను ఒక క్షణము తడబడి, ఉన్నట్లే చదివితిని: అమ్మా, వేళకు తింటున్నావా? ఆమె ముఖము వికసించెను. నాటినుండి ఏ ఉత్తరము వచ్చినను ఆ ఒక్క మాట నేను కలిపి చదువుచుంటిని.

డిసెంబరు 3వ తేదీన యుద్ధము ఆరంభమైనది. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయినది. బంగ్లాదేశము స్వతంత్రమైనది. మా బడిలో మిఠాయి పంచిరి. మిఠాయి పంచిన కొన్ని దినములకు టెలిగ్రాము వచ్చెను. ఆ యుద్ధములో మన వైపున చనిపోయినవారు సుమారు 3,800 మంది. వారిలో ఆయన ఒకడు. మా మాస్టారుగారు టెలిగ్రాము చదివిరి. దానిని చదువుమని నన్ను అడుగనందుకు లోలోపల నేను సంతోషించితిని. ఆ సంతోషమును తలచుకొన్న నేటికిని సిగ్గగును.

ఆ కాలములో యుద్ధభూమిలో చనిపోయినవారికి చాలవరకు అక్కడనే దహనము చేసెడివారు. భౌతికకాయమును స్వగ్రామమునకు పంపు పద్ధతి 1999 కార్గిలు యుద్ధము నుండియే బాగుగా అమలులోనికి వచ్చినది. కనుక ఇంటికి చేరినది ఒక నల్లని రేకుపెట్టె. మూతమీద తెల్లరంగుతో పేరును, నంబరును వ్రాసియున్నవి. లోపల బట్టలు, దువ్వెన, మేము వ్రాసిన ఉత్తరములు ఉన్నవి. దర్భలతో ప్రతికృతి చేసి కర్మ చేయించిరి. ఈ పుష్కరిణి మెట్లమీదనే నీళ్లు విడిచిరి. తల్లి మెట్టుమీద కూర్చుండి, నిప్పు చూడలేదు, బూడిద చూడలేదు, ఎవరికి నీళ్లు విడుచుచున్నారని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు.

తరువాత చాల దినములు ఆమె చివరి ఉత్తరము పట్టుకొని మా ఇంటికి వచ్చి చదువుమనెడిది. నేను చదివెడివాడను. ఒకనాడు పరీక్షల తొందరలో నేను కలిపిన మాటను మరచితిని. ఆమె వెంటనే, "ఆ మాట ఒగ్గేసినావు బాబూ" అన్నది. మరల మొదటినుండి చదివితిని.

కోడలు పుట్టింటికి పోలేదు. వీధిలోని పిల్లల పలకలు పట్టుకొని అక్షరములు నేర్చుకొన్నది. కూడబలుకుకొని చదువుటకు రెండేండ్లు పట్టెను. అటు తరువాత అత్తగారు మా ఇంటికి వచ్చుట మానెను. నేను పై చదువునకు పోయి సెలవులకు వచ్చినప్పుడు ఆమె నన్ను బావిదగ్గర చూచి నెమ్మదిగా చెప్పెను: "ఆ మాట అందులో లేదు బాబూ." నాకు నోట మాట రాలేదు. ఆమెయే మరల అన్నది: "ఉన్నట్టే నానూ సదువుతన్నాను. ఇన్నాక గాని మా అత్త అన్నం తినదు."

ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆ కోడలును లేదు. వారి ఊసు సభలో చెప్పుట సబబా అని నేను చాల ఆలోచించితిని. వారి పేర్లు చెప్పను. అది వారి ఇంటివారి ఇష్టము. కాని యుద్ధమువలన కలుగు నష్టమనగా నాకు తెలిసినది ఇది. చచ్చినవాడు ఒక్కసారి చచ్చును. వాని ఇంటిలో మిగిలినవారు ప్రతి పూట అన్నముముందు కూర్చుండవలెను.

ఇది మన వైపువారికి మాత్రమే వచ్చిన కష్టము కాదు. అదే 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి పాకిస్తానువారి ‘ఘాజీ’ అను జలాంతర్గామి విశాఖపట్నము ఎదుట సముద్రములో మునిగిపోయినది. అందున్న తొంబది మందికి పైబడిన నావికులలో ఒక్కడును బ్రదుకలేదు. విశాఖ సముద్రపుటొడ్డున మన విజయస్మారకము ఉన్నది. అది ఉండవలసినదే, ఆ ఓడ మనమీదికి వచ్చినదే. అయినను మన కళింగపట్నపు ఒడ్డును తాకు ఈ నీటి అడుగుననే వారు నిద్రించుచున్నారు. వారికిని తల్లులు ఉండిరి. ఆ తల్లులకును బూడిద చేరలేదు. అదే డిసెంబరు 9వ తేదీన మన ‘ఖుక్రీ’ నౌక పడమటి సముద్రములో మునిగి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయిరి. కడలికి ఇరువురు ఒక్కటే. స్త్రీపర్వములో ఇరువైపుల కోడండ్రను వ్యాసులవారు ఒక్కచోటనే ఏడిపించుటకు కారణము ఇదియే కాబోలు.

చావు కబురుకంటె కఠినమైనది ఒకటి కలదు. అది ఏ కబురును లేకపోవుట. 1971 యుద్ధములో జాడ తెలియనివారిగా మన ప్రభుత్వము లెక్కించిన వారు 54 మంది. వారిలో ఎందరి తలిదండ్రులో ఎదురుచూచుచునే కన్నుమూసిరి. యుద్ధము లేని వేళను ఇట్టిది సంభవించును. 2016 జులై 22వ తేదీన మద్రాసు దగ్గరి తాంబరమునుండి అండమానుకు పోవుచున్న వాయుసేన విమానము 29 మందితో సముద్రముమీద కనబడకుండ పోయినది. వారిలో ఎనమండ్రు విశాఖపట్నములోని నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. దాని శకలములు సముద్రపు అడుగున, 3,400 మీటర్ల లోతున ఉన్నట్లు 2024 జనవరిలో ప్రకటించిరి. నడుమ ఏడేండ్లు గడచినవి. ఆ ఏడేండ్లు ఆ ఇండ్ల ఆడువారు ఏ బొట్టు పెట్టుకొనవలెనో, తద్దినము పెట్టవలెనో మానవలెనో ఎవరు చెప్పగలరు?

ఇక తిరిగివచ్చినవారు. కాలో చెయ్యో పోయినవానిని మనము గుర్తింతుము, జాలిపడుదుము. పైకి కనబడని గాయముతో వచ్చినవానిని గుర్తింపము. దీపావళినాడు టపాకాయ పేలగా గదిలోనికి పోయి తలుపు వేసికొనువాడు, రాత్రి నిద్రలో కేకలు వేయువాడు, పిల్లలతో మాటలాడనివాడు ఉండిన, మిలటరీ బుఱ్ఱ అని నవ్వి ఊరకుందుము. మొదటి ప్రపంచ యుద్ధమునాడే, 1915లో, వైద్యులు దీనిని గూర్చి వ్రాసిరి. 1980లో దీనిని ఒక వ్యాధిగా నిర్ణయించి పేరు పెట్టిరి. పేరు పెట్టిన పిమ్మట చికిత్సయు ఏర్పడినది. వెఱ్ఱి అని నవ్వినన్నాళ్లు అతడు వైద్యునియొద్దకు పోడు. మన నవ్వే అతనికి అడ్డగోడ.

భర్త పోయిన ఇల్లాలి సంగతి ఒక్కటి చెప్పెదను. సర్కారు పింఛను ఇచ్చుచున్నది. యుద్ధములో మరణించినవాని భార్యకు అతని చివరి జీతమంత పింఛను వచ్చును. ఇది మంచిదే. అయితే పరాక్రమ పతకములకు ఇచ్చు భత్యము విషయమున చాలకాలము ఒక నియమము ఉండెను. భర్త చనిపోయినామె మారు మనువాడినచో ఆ భత్యము ఆగిపోవును. మరిదినో బావనో పెండ్లాడిన మాత్రము ఆగదు. రక్షణశాఖవారు ఈ నియమమును 2017 నవంబరులో తీసివేసిరి. అంతవరకు ఆమె శోకమునకు కూడ హద్దు గీచి, ఈ గడప దాటకుమని చెప్పినట్లే కదా! కాగితముమీద సర్కారు ఆ హద్దును చెరపినది. మన వీధులలో చెరిగినదా? ఆమె పింఛనుమీద కన్ను వేసిన బంధువులు, ఆమె కట్టుకొన్న చీర రంగునుబట్టి మాటలాడు పొరుగువారు నేటికిని లేరా? ఎవరికివారు ఆలోచించుకొనవలసినది.

2020 జూన్ 15వ తేదీన గల్వాను లోయలో సూర్యాపేటవారు కర్నలు సంతోష్‌బాబుగారు మరణించినప్పుడు తెలుగుదేశమంతయు కన్నీరు పెట్టినది. వీధులలో పూలు చల్లిరి. అది యుక్తము. వీరమరణము అను మాటను నేను తక్కువచేయను. ప్రాణమిచ్చినవానికి గౌరవమీయని జాతి జాతియే కాదు. నేను చెప్పునది ఒక్కటే. ఆ మాట సభకు సరిపోవును, వంటయింటికి చాలదు. పూలు వాడిన పదునొకండవనాటి తరువాత ఆ ఇంటిలో ఏమి జరుగుచున్నదో చూచుట ఊరి పని. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25వ తేదీన ప్రారంభించిన జాతీయ యుద్ధస్మారకములో ఇరువదియైదు వేలకు పైగా పేర్లను చెక్కిరి. దేశము చేయవలసినది దేశము చేసినది. ఊరు చేయవలసినది మిగిలియున్నది.

కనుక ఈ రజతోత్సవ సమయమున మన గ్రంథాలయమునకు మూడు చిన్న పనులు మనవి చేయుచున్నాను. డబ్బు అక్కరలేదు. ఓపిక చాలును.

మొదటిది, ఒక పేర్ల పుస్తకము. మన ఊరినుండియు, చుట్టుప్రక్కల పల్లెలనుండియు సైన్యమునకు పోయినవారి పేర్లు, పోయిన సంవత్సరము, పటాలము, తిరిగివచ్చినారా లేదా అను వివరములు అందు వ్రాయవలెను. రంగమునుండి నడచివచ్చినవారి పేర్లును, దారిలో పోయినవారి పేర్లును, ముసలివారికి జ్ఞాపకమున్నంతవరకు, వ్రాయవలెను. వారు తుపాకి పట్టకపోయినను యుద్ధము వారిని విడువలేదు. ఇంటివారు వద్దన్నచో వ్రాయరాదు. ఎనుబది ఏండ్లు దాటిన ముసలివారు మనకు ఇంకను ఉన్నారు. తమ తలిదండ్రులు చెప్పగా విన్నది వారికి తెలియును. వారు పోయిన పిమ్మట అడుగుటకు ఎవరును ఉండరు. వచ్చే ఆదివారమే మొదలుపెట్టుట మంచిది.

రెండవది, నెలకు ఒక సాయంకాలము మాజీ సైనికుల కుటుంబములకు కాగితములపనిలో సాయము. ప్రతి సంవత్సరము జీవన ధ్రువపత్రము ఇయ్యవలెను. రక్షణశాఖ పింఛనులు ఇప్పుడు స్పర్శ్ అను కంప్యూటరు పద్ధతిలోనికి వచ్చినవి. చదువురాని ముదుసలికి అదియొక అరణ్యము. పేరులో ఒక్క అక్షరము తేడా వచ్చినందున నెలలకొలది కచేరీల చుట్టు తిరిగిన వితంతువును నేనెరుగుదును. మన గ్రంథాలయములో కంప్యూటరు ఉన్నది, చదువుకొన్న పిల్లలు ఉన్నారు. శ్రీకాకుళములో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ఉన్నది. ఆ ముదుసలికిని ఆ కార్యాలయమునకును నడుమ దారి చూపు మనిషి కావలెను.

మూడవది, అక్షరము. ఆనాటి ఆ కోడలికి చదువు వచ్చియుండినచో ఆమె భర్త ఆమెకే వేరుగా ఒక ఉత్తరము వ్రాసియుండెడివాడు. ‘అందరిని’ అను మాటలో ఆమె తన్ను తాను వెదకుకొనవలసి వచ్చెడిది కాదు. నేడు ఉత్తరములు పోయి ఫోనులు వచ్చినవి. కాని కచేరినుండి వచ్చు కాగితమును, తన పేరున వచ్చు డబ్బు లెక్కను తానే చదువుకొనలేని ఆడువారు మన పల్లెలలో ఇంకను ఉన్నారు. వారిలో ఒక్కరికి చదువు చెప్పినను ఈ ఇరువదియైదు సంవత్సరముల పని ధన్యము.

తుదకు ఒక మాట. ఆ తల్లికి లేని మాటను చదివి వినిపించితిని. అది అబద్ధమే. బడిలో ఎందరో పిల్లలకు నిజము చెప్పవలెనని బోధించిన నేను, ఆ అబద్ధమునకు ఇంతవరకు పశ్చాత్తాపపడలేకపోయితిని. ఆ కొడుకు ఆ మాట వ్రాయలేదుగాని తలచియుండడా? దూరదేశమున అన్నముముందు కూర్చున్న ఏ కొడుకు తల్లిని తలపడు? కాని ఒక తల్లి అట్టి మాట కొరకు ఒక కుఱ్ఱవాని దయపై ఆధారపడవలసిన దినములు ఈ ఊరికి మరల రాకుండుగాక అని శ్రీకూర్మనాథస్వామిని ప్రార్థించుచున్నాను. పోయినవారి పేర్లు వ్రాయుదము. ఉన్నవారి ఇండ్లకు పోవుదము. ఇక ముందు ఆ పుస్తకములో వ్రాయవలసిన పేర్లు తక్కువగునట్లు లోకమున శాంతి నెలకొనవలెనని కోరుకొందము.